కాపలా లేవకముందే

ఆదివారం ఉదయం ఎనిమిదీ పది. ప్రొద్దుటూరు పాత బస్టాండు ఎదురుగా బండి దగ్గర నిలబడి ఉగ్గాని తింటున్న మైలవరం డ్యాం ఇంజనీరు భానుప్రకాష్, రెండో మిరపకాయ బజ్జీ కొరికి, ఎవరినో పిలవబోయినట్టు నోరు తెరిచి, ప్లేటుతో సహా కిందికి ఒరిగిపోయాడు. గుండెపోటు అన్నారు చుట్టూ చేరినవాళ్లు. మెడ వెనక సూది మొనంత ఎర్రటి చుక్కను ఎవరూ చూడలేదు. మెడలో తాడుకు వేలాడే చిన్న నల్ల టోకెన్‌ను ఎవరో కత్తిరించుకు పోవడం అసలే చూడలేదు.

చనిపోవడానికి నిమిషం ముందు ఆయన ఫోన్ నుంచి పులివెందులకు ఒక మెసేజ్ వెళ్లింది.

"కాపలా లేవకముందే గేటు లేస్తుంది. ఈరోజు సాయంత్రం అయిదుకు."

అందుకున్న మనిషి పేరు షాహుల్. ఆయన అంగడి బోర్డు మీద 'మోటార్లు రీవైండింగ్ చేయబడును' అని ఉంటుంది. కాలిపోయిన బోరు మోటార్లను నిజంగానే బాగుచేస్తాడు, మంచి పేరు కూడా ఉంది. ఆ అంగడి వెనక గదే గూఢచారి విభాగానికి జిల్లా స్టేషన్ అని మాత్రం ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

పది గంటలకు అంగట్లోకి ఏజెంట్ తిరుపాల్ వచ్చాడు.

"హార్స్‌పవర్ ఎంతప్పా?" తలెత్తకుండానే అడిగాడు షాహుల్.

"ఏడున్నర. నీళ్లే పడల్యా."

"అయితే లోపలికి రా."

తిరుపాల్‌ది వేముల దగ్గర గొర్రెలు కాచుకునే ఇల్లు. ఆ ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అతనే. ఇడుపులపాయ కాలేజీలో కంప్యూటర్లు చదివాడు. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం మండలాఫీసులో కాగితాలు టైపు చేస్తాడు. అంతకు మించి చెప్పే వీల్లేని ఉద్యోగం.

షాహుల్ తలుపు వేసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మైలవరం డ్యాం గేట్లు ఎవరు నడుపుతాండారు?"

"కంప్యూటర్, సార్. కంటైనర్ క్లస్టర్."

"నేను మోటార్ల మనిషిని. నాకర్థమయ్యేట్టు చెప్పు."

"ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం సార్. ఒక్కోటి ఒక్కో డబ్బాలో ఉంటాది, ఆ డబ్బానే కంటైనర్. డబ్బాల గుంపంతా క్లస్టర్. గేటు అని ఒకటుంది, అది గేట్లను ఎత్తుతాది, దించుతాది. కాపలా అని ఇంకోటి, వచ్చిన ప్రతి ఆర్డర్నూ చూసి, తప్పుదైతే కాదంటాది. కాబట్టి ఎప్పుడు స్టార్ట్ చేసినా కాపలా ముందు లేవాల. గేటు ఆ తర్వాతే."

"గేటే ముందు లేస్తే?"

"ఎవరేం చెప్పినా చేసేస్తాది సార్."

షాహుల్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.  సరిహద్దు అవతలి ముఠా ఒకటి, కోడ్‌నేమ్ 'కొంగ', ఎట్లా దూరిందో కానీ ఆ క్లస్టర్‌లో ఒకే ఒక్క లైను మార్చింది. అంతకుముందు గేటు లేవాలంటే కాపలా లేచిందా లేదా అని అడిగి, లేచేదాకా ఆగేది. ఇప్పుడు ఎవరినీ అడగదు. ముప్పై సెకన్లు నిద్రపోయి, లేచి, పనిలోకి దిగుతుంది. కాపలా లేవడానికి తొంభై సెకన్లకు పైగా పడుతుందని ఆ ఉదయమే భానుప్రకాష్ కనిపెట్టి షాహుల్‌కు ఫోన్‌లో చెప్పాడు.

"మధ్యలో నిమిషం పాటు గేటుకు అడ్డు లేదప్పా. ఆ నిమిషంలో వాళ్ల ఆర్డర్ వస్తాది. అన్ని గేట్లూ ఎత్తమని."

కృష్ణా నీళ్లు పైనుంచి వచ్చి ఆ ఏడు మైలవరం నిండుకుండలా ఉంది. కింద పెన్నలో మాత్రం ఇసుక. ఆ ఇసుకలోనే మందలు, చెలమలు, జమ్మలమడుగు దాకా జనం.

"రీస్టార్ట్ ఆపలేమా సార్?"

"కరెంటు తెంపుతారు. లైను యాడ తెంపుతారో ఎవరికెరుక? జనరేటర్ అందుకుంటే క్లస్టర్ దానంతటదే లేస్తాది."

"గేట్లు చేత్తో బిగిస్తే?"

"చేత్తో తిప్పే చక్రాలు పాత ఇనుములో పోయి రెండేళ్లాయ."

"పైకి రాసినారా?"

"రాసినా. ఆదివారం గదా, సోమవారం చూస్తామన్నారు."

మిషన్ ఒక్క ముక్కలో తేలింది. భానుప్రకాష్ మెడలోని టోకెన్, అంటే ఆ కంప్యూటర్ తాళంచెవి, లేనిదే ఆ లైను ఉన్న ఫైలు తెరుచుకోదు. టోకెన్ ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఎక్కడో కొంగ స్థావరంలో ఉంది. ఏ అంగడో తెలియదు. లోపల మన ఏజెంట్ ఒకామె ఉంది, కోడ్‌నేమ్ 'కనకాంబరం'. ఎనిమిది నెలలుగా ఆమె నుంచి రిపోర్టు లేదు.

షాహుల్ ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ అందించాడు. పై గిన్నెలో సంగటి, చెనిక్కాయల పచ్చడి. కింది గిన్నెలో అరచేతంత కంప్యూటర్.

"అది కూడా తిను. తినకుంటే అనుమానమొస్తాది."

* * *

పెళ్లిళ్ల కాలం. ఆదివారమైనా ప్రొద్దుటూరు కంసాలి సందులు కిటకిటలాడుతున్నాయి. తిరుపాల్ మాసిన లుంగీ కట్టి, భుజాన గోతం వేసి, మట్టి కొనేవాడి వేషంలో సందు సందూ తిరిగాడు. బంగారు పని జరిగే అంగట్లో ఊడ్చిన దుమ్ములో పొడి రాలి ఉంటుంది. దాన్ని కొని, కడిగి, ఆ రవ్వంత బంగారంతో బతికే కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి.

"మట్టి ఇస్తారా, మట్టి!"

"నీకెందుకిస్తాం? మా మట్టి మక్బూల్‌కు రాసిచ్చినాం" అన్నాడొక ముసలి కంసాలి. "వాళ్ల నాయన కాలం నుంచి వాళ్లదే."

ఇంకో అంగట్లో ఇంకా ఘాటుగా పలికారు. "యా ఊరప్పా నీది? మక్బూల్ చూస్తే నీ గోతంలో నిన్నే కట్టేస్తాడు, పో!"

రెండున్నర గంటలకు మూడో సందు చివర ఒక అంగడి ముందు తిరుపాల్ కాళ్లు ఆగిపోయాయి. టక్ చేసుకున్న గుమాస్తా ఒకడు చేటలో దుమ్ము తెచ్చి కాలవలో పోసి, చేట దులుపుకుని లోపలికి పోయాడు.

ప్రొద్దుటూరు మనిషి అన్నమైనా పారేస్తాడేమో కానీ, కంసాలి అంగడి దుమ్ము కాలవలో పొయ్యడు. ఆ అంగట్లో ఉన్నవాళ్లు కంసాలులూ కారు, ఆ ఊరివాళ్లూ కారు.

లోపల కౌంటర్ వెనక ఒక యువతి. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మెడలో అంగడిలోని నగలన్నిటికన్నా ఖరీదైన హారం.

"కనకాంబరాలుండాయా మేడం?" అన్నాడు తిరుపాల్.

ఆమె కళ్లద్దాలు తీసింది. "వాడినవే ఉన్నాయండీ." కోస్తా మాట. "గోతం అక్కడే పడేసి రండి. కారు పాడవుతుంది."

ఆమె పేరు మల్లిక. అంగడి నడిపే సేఠ్ మేడ మీద ఫోన్‌లో ఉన్నాడని, నిమిషంలో దిగుతాడని చెప్పింది. హారం పతకం విప్పి అందులోంచి నల్ల టోకెన్ తీసి అతని చేతిలో పెట్టింది.

జమ్మలమడుగు రోడ్డెక్కగానే రెండు బైకులు వెంటపడ్డాయి. మల్లిక స్టీరింగ్ కింద మీట నొక్కింది. కారు వెనక నుంచి మూడు మొనల మేకులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. బైకులు రెండూ చేలోకి దూకి పడ్డాయి.

'శానా సులువుగా పడినారే' అనుకున్నాడు తిరుపాల్. కానీ ఆలోచించే తీరిక లేదు. వాళ్లన్న సుబ్బన్న మూడొందల గొర్రెలతో పెన్నలోనే ఉన్నాడు. ఫోన్ చేశాడు.

"అన్నా, మంద యాడుండాది?"

"యాడుంటాదిరా? పెన్నలో. ఈడ కాసింత తుంగ ఉంటే మేపుతాండా."

"గట్టుకు తోలు. ఇప్పుడే."

"ఎందుకు?"

"నీళ్లొస్తాయన్నా!"

 అవతల పగలబడి నవ్వు. "ఒరే నరసిమ్ములూ, మా తమ్ముడు పెన్నలో నీళ్లొస్తాయంటాండాడురా! మాపటికి చేపల కూర చేసుకుందాం రా!" నవ్వు ఆపుకుని మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. "ఎండలో ఉన్నావా? మజ్జిగ తాగి పండుకో పో."

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా."

"చెప్పరా, ఎవురు చెప్పినారు నీళ్లొస్తాయని?"

చెప్పే వీల్లేదు.  ఫోన్ కట్టయింది. వాన అన్న మాట కూడా మరిచిపోయిన నేల అది. ఏటిలో నీళ్లొస్తాయంటే నమ్మే మనిషి దొరకడు.

* * *

నాలుగూ నలభై. మైలవరం కంట్రోల్ రూం. కాపలా ఉన్న కానిస్టేబుల్ ఇలియాస్ తిరుపాల్ కార్డు చూసి సెల్యూట్ కొట్టాడు.

"ఈమె?"

"నాతోనే."

లోపల ఎవరూ లేరు. తిరుపాల్ టిఫిన్ క్యారియర్ విప్పి, కంప్యూటర్ తగిలించి, కన్సోల్ సాకెట్లో టోకెన్ గుచ్చాడు. ఫైలు తెరుచుకుంది. ఆ లైను అక్కడే ఉంది. 'ముప్పై సెకన్లు ఆగు.'

దాన్ని కొట్టేసి, 'సిద్ధమా అని కాపలాను అడుగు, సిద్ధమనేదాకా ఆగు' అని రాయబోయాడు. రాసేముందు కిందటిసారి స్టార్టయినప్పటి లాగ్, సెకను సెకనుకూ రాసిన చిట్టా, చూశాడు. 

కాపలా రెండో సెకనులోనే 'సిద్ధం' అంటోంది. ఏది మంచి ఆర్డరో ఏది చెడ్డదో చెప్పే నిబంధనలు దానికి అందుతున్నది తొంభై నాలుగో సెకనులో. కళ్లు తెరిచింది కానీ బుర్ర ఇంకా నిద్రలోనే ఉంది. ఆ మధ్యలో ఏ ఆర్డర్ చూపించినా 'సరే' అంటుంది.

సుబ్బన్న మందను వాగు దాటించే తీరు గుర్తొచ్చింది. ముందు పెద్ద పొట్టేలును దించుతాడు. అది నీళ్లలో దిగిందని మందను తోలడు. అది అవతలి గట్టెక్కాలి, ఒళ్లు విదిలించుకోవాలి, ఇటు తిరిగి అరవాలి. అప్పుడే మిగతావి. దిగడం వేరు, దాటడం వేరు.

తిరుపాల్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. సిద్ధమా అని అడగలేదు. కావాలనే చెడ్డ ప్రశ్న రాశాడు. 'అన్ని గేట్లూ పూర్తిగా ఎత్తేద్దామా? వద్దు అనేదాకా సెకనుకోసారి అడుగు. వద్దు అన్నాకే గేటును లేపు.' గేటు డబ్బా ఇంకా పుట్టదు కాబట్టి, కాపలా ఎన్నిసార్లు 'సరే' అన్నా అప్పుడు ఏ గేటూ కదలదు.

సేవ్ నొక్కాడు. అదే క్షణంలో దీపాలు ఆరిపోయాయి. నాలుగూ యాభై ఎనిమిది. బయట జనరేటర్ దగ్గి, అందుకుంది.

"చేతులు పైకెత్తండి."

మల్లిక చేతిలో పిస్టల్.

"ఏంది మేడం ఇది?"

"టోకెన్ ఈ సాకెట్లో ఉంటేనే మా ఆర్డర్ లోపలికి వస్తుందండీ. మా మనిషైతే బయట గుమ్మం దగ్గరే కాల్చేసేవారు. మీరైతే సెల్యూట్ కొట్టించుకుని మరీ తెచ్చిపెట్టారు."

 కొంగ నోటికి చేపను తనే అందించాడు.

"నువ్వెవరి మనిషివి?"

"ఎనిమిది నెలలు మీవాళ్లకు వారం వారం రిపోర్టు రాశాను. ఒక్కదానికి జవాబు లేదు. వీళ్లు మాత్రం రోజూ ఫోన్ చేసి భోంచేశావా అని అడుగుతారు." ఆమె నవ్వలేదు. "మీరేం మార్చారో నాకు తెలుసులెండి. సిద్ధమా అని అడగమన్నారు. రెండో సెకనులోనే సిద్ధం అంటుంది. అది కూడా మా ఏర్పాటే."

తెర వెలిగింది. అక్షరాలు ఒకదాని కింద ఒకటి పడసాగాయి.

కాపలా: సరే.
కాపలా: సరే.
కాపలా: సరే.

ముప్పై సెకన్లు. తెర మూలన ఎర్రటి గీత మెరిసింది. అన్ని గేట్లూ ఎత్తమని ముఠా ఆర్డర్ వచ్చి గుమ్మంలో నిలబడింది. నలభై. యాభై. గేటు లేవలేదు.

మల్లిక తెరకు దగ్గరగా జరిగింది. "ఇది ఇంకా ఎందుకు ఆగింది?"

తిరుపాల్ చూపు తెర మీదే ఉంది.

కాపలా: సరే.
కాపలా: సరే.

డెబ్భై. ఎనభై. "ఆ లైను తీసెయ్యండి." పిస్టల్ గొట్టం అతని కణతకు తగిలింది. "మూడు లెక్కపెడతాను."

పెన్నలో మందను, అన్న నవ్వును తలుచుకున్నాడు తిరుపాల్. కళ్లు మూసుకున్నాడు. చేతులు దించలేదు.

"ఒకటి."

కాపలా: సరే.

"రెండు."

కాపలా: వద్దు.

గేటు లేచింది. ముఠా ఆర్డర్ లోపలికి దూకింది. కాపలా దాన్ని ఒకసారి చూసి, మళ్లీ అదే మాట అంది. వద్దు. ఎర్ర గీత ఆరిపోయింది. అద్దం బయట గేట్లు పదమూడూ చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి.

"ఏం అడిగారు దాన్ని?" మల్లిక అతని వైపు తిరిగింది.

"చెడ్డ మాట అడిగినా. కాదనేదాకా నమ్మొద్దన్నా."

వరండాలో ఇలియాస్ బూట్ల చప్పుడు. కాల్చినా ఇప్పుడు ఆమెకు లాభం లేదు. పిస్టల్ దించి, వెనక తలుపు వైపు నడిచి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"నా రిపోర్టులు దొరికితే చదవండి. అన్నీ నిజాలే రాశాను."

మర్నాడు ఆమె కారు గండికోట లోయ అంచున దొరికింది. ఆమె దొరకలేదు. ప్రొద్దుటూరులో పోలీసులు వెళ్లేసరికి అంగడి ఖాళీ. భానుప్రకాష్ చావును గుండెపోటుగానే రాసుకున్నారు.

* * *

సోమవారం పొద్దున్నే సుబ్బన్న ఫోన్.

"ఏందిరా, నీళ్లు దారి తప్పినాయా?"

"...రాలేదన్నా."

"ఊరంతా నవ్వుతాండారు. ఇంకోసారి ఇట్లాంటి మాట చెప్తే, నీ మాట కాదు గదా, నీ ఫోన్ కూడా ఎత్తను. బువ్వ తిన్నావా?"

"తిన్నానన్నా."

పులివెందుల అంగట్లో షాహుల్ ఒక కాగితం ముందుకు తోశాడు. పైనుంచి వచ్చిన మెమో. విభాగం ఇంత వేగంగా స్పందించడం అదే మొదటిసారి.

'గేట్ల వ్యవస్థ మొదలగుటకు తొంభై నాలుగు సెకన్లు పట్టుచున్నది. ఒప్పందము ప్రకారము నలభై సెకన్లు మించరాదు. అనవసరముగా చేర్చిన నిరీక్షణను తొలగించి, పాత ముప్పై సెకన్ల పద్ధతిని పునరుద్ధరించవలెను. అనుమతి లేక మార్పు చేసిన ఉద్యోగి సంజాయిషీ ఇవ్వవలెను.'

"కారణం రాసి పంపినా" అన్నాడు షాహుల్ కిటికీలోంచి బయటికి చూస్తూ. "జరగని ప్రమాదానికి రుజువేదని అడుగుతాండారప్పా."

తిరుపాల్ మెమోను రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మార్పు ఎప్పటి నుంచి సార్?"

"వచ్చే ఆదివారం."

తిరుపాల్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పర్వాల్యా సార్. శనివారం దాకా జిల్లా క్షేమం."