వంతెన దాటిన ఫోను

పెట్రోల్ బంకులో వ్యాన్ పక్కకు ఆపి, ఫోన్‌లోంచి పాత సిమ్ తీసి కొత్తది వేస్తుండగా అతన్ని కాల్చేశారు. రెండు తూటాలు. రెండోది అనవసరం. కాల్చినవాడు బంకు యూనిఫాంలో ఉన్నాడు. గన్ను జేబులో పెట్టుకుని, అప్పటికే ఒక కారులో సగం పోసిన పెట్రోలు పూర్తిగా పోసి మరీ వెళ్లాడు.

చనిపోయినవాడు కాగితాల మీద మొబైల్ సిగ్నల్ కొలిచే ఇంజనీరు. నిజానికి గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంటు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ అన్న. సరిహద్దు దాటగానే సిమ్ మార్చాలన్న రూలును అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడు. ఆ రూలు రాసిన పెద్దలు ఒక సంగతి మర్చిపోయారు. సిమ్ ఎన్నిసార్లు మార్చినా హ్యాండ్‌సెట్‌కు పుట్టుకతో వచ్చిన నంబరు మారదు. అవతలి దేశపు ముఠా ఆ నంబరునే పట్టుకు కూర్చుంది. అన్న సిమ్ మార్చిన ప్రతిసారీ, ఇదిగో ఇక్కడున్నానని తనే చెప్పుకున్నట్టయింది.

గుండె ఆగి చనిపోయాడని డిపార్ట్‌మెంట్ ప్రకటించింది. ఒక రకంగా నిజమే, తూటా తగిలింది గుండెకే.

ఎనిమిది నెలల తర్వాత అదే రోడ్డు మీదికి మేస్త్రీని పిలిచారు. మేస్త్రీ అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఏజెంటు కాకముందు సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించిన మనిషి. ఈ ఉద్యోగంలో ఇరవై ఏళ్లయింది. మోకాళ్లు అరిగాయి కానీ చెవులు మాత్రం ఇంకా పాముచెవులే.

డైరెక్టర్ కుర్చీ చూపించలేదు.

"టైపిస్ట్," అన్నాడు. "ముఠా ఆఫీసులో పదకొండేళ్లుగా టైపు చేస్తోంది. ప్రతి ముఖ్యమైన కాగితానికీ ఒక నకలు మనకి. ఆవిడ ఎవరో వాళ్లకింకా తెలీదు. కానీ లోపల మన మనిషి ఒకరున్నారని వాసన పట్టారు. ఉన్న నలభై మందినీ ఒక్కొక్కళ్లనే పిలిచి కూర్చోబెడుతున్నారు. వచ్చే గురువారం ఆవిడ వంతు."

"కూర్చున్నవాళ్లు లేస్తున్నారా?"

"ఇద్దరు లేవలేదు. బుధవారం సాయంత్రానికి ఆవిడ వంతెనకి ఇవతల ఉండాలి."

కవర్ పాతదే. రెండు దేశాల టెలికాం కంపెనీల మధ్య కొత్త రోమింగ్ ఒప్పందం కుదిరింది. సరిహద్దు రోడ్ల మీద ఫోన్లు ఒక నెట్‌వర్క్ వదిలి ఇంకో నెట్‌వర్క్ ఎక్కడ పట్టుకుంటున్నాయో వ్యాన్‌లో తిరిగి కొలవాలి. కాంట్రాక్టు అసలుదే, చివర్లో రిపోర్టు కూడా ఇవ్వాలి. టైపిస్ట్‌ని ఎక్కడ, ఎన్ని గంటలకు ఎక్కించుకోవాలో మేస్త్రీకి తప్ప ఎవరికీ చెప్పరు. పార్ట్‌నర్‌కి కూడా.

"పార్ట్‌నర్ ఎవరు?"

"మీ వదిన," అన్నాడు డైరెక్టర్, ఫైలు మూసేస్తూ.

వదిన అంటే అన్న భార్య. ఆమె నడిచొస్తుంటే చెక్‌పోస్టు గార్డులు పాస్‌పోర్టును తలకిందులుగా పట్టుకుని చదివేవారు. ఆ అందం డిపార్ట్‌మెంట్‌కి చాలాసార్లు పనికొచ్చింది. భర్త పోయిన పన్నెండో రోజున అదే లిప్‌స్టిక్‌తో, అదే నల్ల కళ్లద్దాలతో డ్యూటీకి వచ్చింది. కన్నీటి చుక్కైనా రాల్చలేదని ఆఫీసంతా చెవులు కొరుక్కుంది. ఆ మాటలన్నవాళ్లను మేస్త్రీ చాలాకాలం పలకరించలేదు.

ఆదివారం ఉదయం బయల్దేరారు. వ్యాన్ డాష్‌బోర్డు మీద ఒక ర్యాక్, అందులో వరసగా నాలుగు ఫోన్లు. వాటంతట అవే కాల్ చేసుకుంటాయి, అవే పెట్టేసుకుంటాయి. వదిన ఒళ్లో ల్యాప్‌టాప్, అందులో దారిపొడవునా ఎక్కే దిగే సిగ్నల్ గీతలు. వెనక బ్యాటరీలు, వైర్లు, ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత ఖాళీ.

అన్న పోయాక రూలు మారింది. ఇప్పుడు సిమ్‌తోపాటు హ్యాండ్‌సెట్ కూడా మార్చాలి. వంతెన ఎక్కేముందు ఇద్దరూ పాత ఫోన్లు ముక్కలు చేసి నదిలో పారేశారు. కస్టమ్స్ కోసం ర్యాక్ కూడా ఆపేశారు. అంటే వంతెన మీద ఆ వ్యాన్‌లో బతికున్న ఫోను ఒక్కటీ ఉండకూడదు.

వంతెన మధ్యలో పాత రేడియో టిక్‌టిక్, టిక్‌టిక్ అని, తర్వాత గుర్రుమంది.

రేడియోకి దగ్గర్లో ఏదైనా ఫోను నెట్‌వర్క్ మారుతున్నప్పుడు వచ్చే చప్పుడది. పాతకాలపు టవర్లున్న ఇలాంటి మారుమూల దారుల్లో ఇంకా వినపడుతుంది. కొత్త ఇంజనీర్లయితే రేడియో పాడైందనుకుంటారు. మేస్త్రీ మాత్రం స్టీరింగ్ మీద చేతులు కదపకుండా పక్కకి చూశాడు. వదిన పౌడర్ డబ్బా తెరిచి, అద్దంలో చూసుకుంటూ తీరిగ్గా ముఖానికి అద్దుకుంటోంది.

చెబితే అనుమానం, చెప్పకపోతే ద్రోహం. డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి నోరు జారిన అనుమానం మర్నాటికల్లా నేరమైపోతుందని అతనికి తెలుసు. ఎవరైనా చుట్టంతో మాట్లాడుకోవడానికి ఇంకో ఫోను దాచుకుందేమోనని సర్దిచెప్పుకున్నాడు. అలా సర్దిచెప్పుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు రోజులు ఆ వైపు రోడ్లన్నీ తిరిగారు. సోమవారం మధ్యాహ్నం మేస్త్రీ ఒక వింత కనిపెట్టాడు. వంతెనకి ఏడు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఒక వాటర్ ట్యాంకు ఉంది. అక్కడ పరాయి దేశపు ఫోను కూడా నది అవతల ఉన్న మన టవర్ సిగ్నల్ పట్టుకుంటోంది. వ్యాన్ దగ్గర అరగీత, ట్యాంకు నిచ్చెన ఎక్కితే రెండు గీతలు. రిపోర్టులో లోపం అని రాసుకున్నాడు.

బుధవారం పన్నెండున్నరకు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ ముందు వ్యాన్ ఆపాడు. వెయిటింగ్ రూమ్‌లో అరవయ్యేళ్ల ఆవిడ ఒకరు, బుగ్గ పట్టుకుని కూర్చుని ఉంది.

"బాబూ, ఇక్కడ ఏ నెట్‌వర్క్ బాగా అందుతుంది?" అంది, నోట్లో దూదితో ముద్దముద్దగా.

"మెట్లెక్కితే అన్నీ అందుతాయమ్మా."

కోడ్ సరిపోయింది. పంటినొప్పి అని చెప్పి ఆఫీసులో సగం రోజు సెలవు తీసుకుందట. ముఠావాళ్లు క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కుంటే దొరికిపోకూడదని గట్టిగా ఉన్న పన్నే పీకించుకుంది. మత్తుకి పెదవులు కదలడం లేదు. చేతిలో హ్యాండ్‌బ్యాగ్ తప్ప ఏమీ లేదు. పదకొండేళ్లలో ఆవిడ ఆ దేశంలో కూడబెట్టుకున్నదంతా అలాగే వదిలేసి, బ్యాటరీల మధ్య ముడుచుకుని పడుకుంది.

వదిన వెనక్కి తిరిగి ఆవిడను ఒకసారి చూసింది. తర్వాత పౌడర్ డబ్బా తెరిచింది.

గుట్ట కనిపించగానే మేస్త్రీ హైవే దిగి మట్టిరోడ్డు పట్టాడు. ట్యాంకు నీడలో బండి ఆపి, వదినను కిందికి దిగమన్నాడు.

"ఆ డబ్బా ఇవ్వండి వదినా."

ఆమె ఇచ్చేసింది. పౌడర్ కింద, బిస్కట్టంత పల్చటి ఫోను.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"డైరెక్టర్‌కి చెప్పలేదేం?"

"నా చెవులే తప్పు విన్నాయని అనుకోవాలనిపించింది."

వదిన కళ్లద్దాలు తీసింది. గొంతు మాత్రం పెంచలేదు. "మీ అన్న హ్యాండ్‌సెట్ నంబరు వాళ్లకి దొరికిపోయిందని మన ఆఫీసుకి మూడు రోజుల ముందే కబురొచ్చింది మేస్త్రీ. ఆ కబురు నకలు నా కళ్లతో చూశాను. డైరెక్టర్ ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన ఫోను పారేస్తాడు, వాళ్లకి అనుమానం వస్తుంది, కబురు పంపిన మనిషి బయటపడుతుంది. ఆ మనిషి ఖరీదు ఎక్కువ, మీ అన్న ఖరీదు తక్కువ. అంతే."

"ఆ నకలు మీకు చూపించింది ఎవరు? చంపినవాళ్లే కదా."

"అవును. చంపినవాళ్లు నిజం చెప్పారు. మనవాళ్లు పూలు పంపించారు."

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. వెనక పడుకున్న ఆవిడ మీకేం అపకారం చేసిందని అడిగాడు.

"ఏమీ చెయ్యలేదు. ఆ డైరెక్టర్ ఏ మనిషిని దాచుకోవడం కోసం నా మొగుణ్ని చావనిచ్చాడో, ఆ మనిషి వాడికి దక్కకూడదు. నీ జోలికి రారు. మాట తీసుకున్నాను."

వంతెన తప్ప అతనికి వేరే దారి లేదన్న ధైర్యంతో మిగతాదీ దాచకుండా చెప్పింది. వంతెన మొదట్లో ఆరుగురు రోడ్డు రిపేరు వేషంలో ఉన్నారు. ముఠా మనిషి ఒకడు ఆ దేశపు టెలికాం ఆఫీసులో కూర్చుని, ఈ పౌడర్ డబ్బా ఫోను ఏ టవర్ కింద ఉందో స్క్రీన్ మీద చూసి వాళ్లకి చెబుతుంటాడు. వ్యాన్ వచ్చే నిమిషం కూడా వాళ్లకి తెలుస్తుంది.

"స్క్రీన్ చూసి చెబుతాడా?" అని మళ్లీ అడిగాడు మేస్త్రీ. "కంటితో కాదుగా?"

జేబులో వైర్లు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలు రెండున్నాయి. ఒకటి వదిన చేతులకు బిగించాడు. ఆమె పెనుగులాడలేదు. రెండోది పళ్ల మధ్య పెట్టుకుని, ఫోను చొక్కా జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాడు.

ముప్పై మెట్ల దగ్గర మోకాలు మొరాయించింది. నలభై మెట్ల దగ్గర ఆగి ఫోను తీశాడు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి, నెట్‌వర్క్ తనే వెతికించాడు. చక్రం తిరిగింది, తిరిగింది, దొరకలేదంది. ఇంకో ఆరు మెట్లెక్కి చెయ్యి చాపాడు. మన నెట్‌వర్క్ పేరు కనిపించింది. నొక్కాడు. గీత ఒకటి, పోయింది, మళ్లీ వచ్చింది. తర్వాత మెసేజ్ మోగింది. మా దేశానికి స్వాగతం, మీ ప్రయాణం సుఖంగా సాగాలి.

అక్కడ స్క్రీన్ ముందున్నవాడికి ఇప్పుడు ఒక్కటే అర్థం. ఫోను రోమింగ్‌లోకి వెళ్లింది, అంటే వ్యాన్ వంతెన దాటేసింది. మేస్త్రీ ఫోనును నిచ్చెనకు టైతో కట్టేశాడు. రెండు నిమిషాలకు ఇంకో మెసేజ్ వచ్చింది. "దాటేశారా? మావాళ్లకి కనపళ్లేదే." అతను జవాబివ్వలేదు. పక్కన తను ఉండగా ఆమె జవాబివ్వదని వాళ్లకూ తెలుసు.

పావుగంట నిచ్చెన పట్టుకుని వేలాడాడు. అప్పుడు కింద హైవే మీద, వంతెన వైపు నుంచి ఆరెంజ్ రంగు ట్రక్కు ఊరి వైపు పోయింది. వెనక ఆరుగురు, ఆరెంజ్ కోట్లు. ఒకడు హెల్మెట్ తీసి నేలకేసి కొట్టడం కూడా కనిపించింది. మేస్త్రీ మోకాళ్ల సంగతి మర్చిపోయి దిగాడు.

వంతెన మొదట్లో రోడ్డు రిపేరు కోన్లు తప్ప ఎవరూ లేరు. చెక్‌పోస్టు ఆఫీసరు కాగితాలు తిప్పితిప్పి చూశాడు. వదిన చేతుల మీద చున్నీ కప్పి ఉంది. ఆమె ఒక్క కేకేస్తే చాలు. మేస్త్రీకి ఆ క్షణంలో ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆమె కేక వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో అతను తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఆఫీసరు ముద్ర గుద్ది, గేటు ఎత్తమని చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీకి అద్దంలో ఆరెంజ్ ట్రక్కు కనిపించింది. తిరిగి వస్తోంది, దుమ్ము రేపుకుంటూ. వ్యాన్ ఇంకా గేటు దాటలేదని ఎవరో పాతకాలం మనిషి కంటితోనే చూసి చెప్పినట్టున్నాడు. ఆఫీసరు బల్ల మీద ఫోను మోగింది. అతను రిసీవర్ ఎత్తి, విని, ఆపమని కేకేసేసరికి వ్యాన్ వెనక చక్రాలు గేటు కర్ర కిందనుంచి బయటపడ్డాయి. కర్ర ట్రక్కు ముందు దిగింది. వాళ్ల గేటే వాళ్లని ఆపింది.

ఇవతలి ఒడ్డున డిపార్ట్‌మెంట్ కార్లు రెండు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకటి టైపిస్ట్‌కి, ఒకటి తన కోసమని డైరెక్టర్ అనుకుని ఉంటాడు. వదిన సంగతి అతనికింకా తెలీదు. మేస్త్రీ వాటికి వంద గజాల దూరంలో వ్యాన్ ఆపి వెనక తలుపు తెరిచాడు. ఆవిడ కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. చెయ్యందించి కూర్చోబెట్టాడు. ఆవిడ నోట్లోంచి దూది తీసేసింది. మత్తు వదిలి మాట తేటపడింది.

"ఒక్క సంగతి అడగనా బాబూ. వద్దంటే చెప్పకు."

"అడగండమ్మా."

"ఎనిమిది నెలలైంది. సిగ్నల్ కొలవడానికి వచ్చే మీ ఆఫీసు అబ్బాయి ఫోను వీళ్లకి దొరికిపోయిందని కబురు పెట్టాను. మూడు రోజులు ముందే పెట్టాను. కంగారులో రెండు తప్పులు కూడా కొట్టాను. ఆ తర్వాత భయమేసి చాలాసార్లు పారిపోదామనుకున్నాను. కానీ ఒక మనిషినైనా బతికించాను కదా, ఇంకొకళ్లని బతికించే పని పడుతుందేమో అని ఉండిపోయాను. తర్వాత ఏమైందో నేను టైపు చేసే కాగితాల్లోకి రాలేదు. ఆ అబ్బాయి బాగున్నాడా?"

ముందు సీట్లో వదిన తల డాష్‌బోర్డు మీదికి వాలిపోయింది. ఎనిమిది నెలలుగా దిగమింగుకున్న ఏడుపు చప్పుడు లేకుండా బయటికొస్తోంది. భుజాలు మాత్రం ఎగిసిపడుతున్నాయి. కార్ల దగ్గరనుంచి డైరెక్టర్ చిరునవ్వుతో, చెయ్యి చాచుకుంటూ నడిచొస్తున్నాడు.

"బాగున్నాడమ్మా," అన్నాడు మేస్త్రీ. "మీరు చెప్పబట్టే."

ఇరవై ఏళ్ల సర్వీసులో, పైనుంచి ఆర్డరు లేకుండా అతనాడిన అబద్ధం అదొక్కటే.