ఎడమ పక్క కుట్టు

రోజూ మిషన్ చప్పుడుకి లేచే సుధారాణికి ఆ రోజు చప్పుడు లేకపోవడం వల్ల మెలకువ వచ్చింది. గాజువాకలో వాళ్లది రెండు గదుల వాటా. ముందుగది తల్లి పైడితల్లి టైలరింగ్ షాపు, వెనకగది ఇల్లు. కళ్లు నులుముకుంటూ తలుపు దగ్గరికొచ్చి చూస్తే, అమ్మ చాప మీద కూర్చుని, ఒళ్లో తోక పరుచుకుని చేతిసూదితో కుడుతోంది. పొద్దున్నే సుధకి ఒళ్లు మండింది.

తోకంటే నిజంగా తోకే. నడుం నుంచి మడమల దాకా నీలం, ఆకుపచ్చ మెరుపుల బట్ట. అడుగున రెండు పాదాలూ కలిపి దూర్చే పెద్ద ప్లాస్టిక్ రెక్క. అది తొడుక్కుని నీళ్లలో దిగితే చూసేవాళ్లకి మత్స్యకన్య. వేసవి ఎగ్జిబిషన్‌లో గాజు ట్యాంకులో ఈదడానికి అమ్మాయిల్ని తీసుకుంటున్నారని తెలిసిన దగ్గర్నుంచి సుధకి వేరే ధ్యాస లేదు. మాల్‌లో బిల్లింగ్ కౌంటర్ వెనక రోజంతా నిలబడి నవ్వడం ఆమెకి ఉద్యోగం. ఊపిరి పీల్చుకునేది మాత్రం ఆడవాళ్ల బ్యాచ్‌లో పూల్‌కి వెళ్లే ఆ పొద్దుటి పూటే. ఆ రెంటినీ ఒకటి చేసుకునే దారి జీవితంలో మొదటిసారి కనబడింది.

శుక్రవారం సెలక్షన్. బుడగల్ని ఉంగరంలా ఊదడం వచ్చింది. కళ్లు తెరిచి అద్దం వైపు నవ్వడం వచ్చింది. వెనక్కి పల్టీ ఒక్కటే రాలేదు. అది రాకపోతే మిగతావేవీ లెక్కలోకి రావని ఎగ్జిబిషన్ వాళ్లు ముందే చెప్పేశారు. పల్టీకి తోక బలంగా విసరాలి. విసిరిన ప్రతిసారీ ఎడమ పక్క కుట్టు మోకాలి దగ్గర్నుంచి కింద దాకా ఊడిపోయి, మత్స్యకన్యకి రెండు కాళ్లు బయటికొస్తున్నాయి.

"మిషన్ ఉండగా సూదితో ఏటమ్మా అది? అందుకే ఊడిపోతంది."

"ఈ బట్ట సాగుతాది. మిషన్ మీదెడితే ముడుసుకుపోతాది. కుట్టు గురించి నీకేటి తెలుసు?"

"నాకు తెల్దు. తెలిసినోళ్లు కుట్టినా ఎందుకూడుతందో, అదే నాకు అర్థం కావట్లేదు."

"ఇయ్యాల ఊడదు లే. ఎల్లి మొకం కడుక్కో."

"నిన్నా అదే అన్నావు."

"రేపూ అంటాను. టీ సల్లారిపోతంది."

పైడితల్లితో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. సుధ టీ గ్లాసు తీసుకుంటుండగానే ఎదురింటి వెంకటరమణమ్మ వచ్చింది. భర్త స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని బెజవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. చేతిలో పట్టు జాకెట్టు.

"పైడితల్లీ, మళ్లీ లావయ్యానే. పక్కలు కాస్త వదులు చేసిపెట్టు. సింహాచలం వెళ్లాలి."

"ఒలే సుధా, బ్లేడుతో ఆ కుట్టిప్పు."

సుధ బ్లేడు పట్టుకుని కుస్తీ పట్టింది. కుట్టు రాలేదు. దారం తెగితే పక్కనే ఇంకో దారం. గోరు చీలిందే తప్ప జాకెట్టు లొంగలేదు. వెంకటరమణమ్మ నవ్వింది. "మీ అమ్మ కుట్టమ్మా అది. బట్ట చిరగాలి గానీ కుట్టు ఊడదు. మా తోడికోడలు కూడా అదే అంటుంది."

సుధకి ఇంకా మండింది. ఊళ్లో వాళ్ల జాకెట్లన్నీ ఉక్కులా ఉంటాయి, కన్నకూతురి తోకే ఊడిపోతుంది. గోరు చప్పరించుకుంటూ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేసింది.

పూల్‌లో ఆ రోజు సుధకి ఏదీ కలిసిరాలేదు. కుట్టు ఊడుతుందేమోనన్న భయంతో తోక మెల్లగా విసిరితే సగం తిరిగి, తలకిందులుగా ఆగిపోయి, ముక్కులోకి నీళ్లు. దగ్గి, తుమ్మి, మళ్లీ దిగితే మళ్లీ సగమే. గట్టున నిలబడ్డ కోచ్ ఆశాజ్యోతి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఏంటమ్మా సుధా, నడుం బాగానే తిరుగుతోంది కదా. కాళ్లు విసరడానికేం? ఎవరి సొమ్ము పోతుంది?"

"విసిరితే ఊడిపోతంది మేడమ్."

"ఊడితే ఊడనీ. పూర్తిగా తిరుగు, చూస్తాను."

సుధ పళ్లు బిగించింది. ఊపిరి నిండా పీల్చుకుని మునిగి, వీపు విల్లులా వంచి, ఒంట్లో ఉన్న బలమంతా కాళ్లలోకి తెచ్చి విసిరింది. తిరిగింది! నీళ్లలో ఆకాశం కిందికీ నేల పైకీ వెళ్లి, మళ్లీ వాటి చోటికి అవి వస్తున్నాయి. అంతలో టప్‌మని ఎడమ పక్క విడిపోయింది. బట్ట గొడుగులా తెరుచుకుని ఆమెను పక్కకి లాగేసింది. పైకి తేలేసరికి గట్టు మీద మిగతా అమ్మాయిలు నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు మాత్రం ఆగలేదు.

"ఇదిగో, శుక్రవారం నీ కుట్టు ఊడితే వాళ్లు ఇంకో ఛాన్స్ ఇవ్వరు," అంది ఆశాజ్యోతి, కోపంగా కాదు, విసుగ్గా. "మీ అమ్మగారు బ్లౌజులు బాగా కుడతారేమో. ఇది వేరే టైలర్‌కి ఇచ్చుకో."

బస్సులో సంచీ కారి నేలంతా తడైంది. కండక్టర్ సణిగాడు. సుధ కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చుంది. స్కూలు రోజుల్లో పోటీల దగ్గరా ఇంతే, చివరి మెట్టు మీద జారిపోవడమే. తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని ఆమెకి అప్పట్నుంచీ ఒక అనుమానం. ఇవాళ అది రూఢి అయినట్టు అనిపించి ఏడుపొచ్చింది. ఏడుపు ఇంటికి చేరేసరికి కోపమైంది.

ముందుగదిలో వెంకటరమణమ్మ, పక్కలు వదులు చేసిన జాకెట్టు వేసుకు చూసుకుంటోంది. సుధ సంచీలోంచి తోక తీసి, నీళ్లు కారుతుండగానే మిషన్ మీద పడేసింది.

"మల్లీ ఊడిపోనాది. అందరూ నవ్వినారు. ఊరందరికీ కుట్టడం వచ్చు నీకు, నాకు కుట్టడానికే సేతులు రావు!"

పైడితల్లి ముఖం ఒక్కసారి నల్లబడింది. ఇరవయ్యేళ్ల పనిలో ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు. అయినా తోక దగ్గరికి లాక్కుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

"అక్కర్లేదు, ఒగ్గీ. జంక్షన్ కాడ టైలర్‌కిత్తాను. అక్కడ మిషన్ మీద కుడతారు."

"ఎవులికీ ఇయ్యొద్దు!" పైడితల్లి అరిచినంత పనిచేసింది. లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నానే కుడతాను. ఇంకొకరి సేతికి ఇయ్యొద్దు."

"ఎందుకియ్యొద్దు? ఈ కుట్లన్నీ నానే ఇప్పదీసి పట్టుకెల్తాను."

సుధ బ్లేడు అందుకుంది. మొదట కుడి పక్క పట్టింది. బ్లేడు దిగలేదు. చూస్తే మిషన్ కుట్టు, దాని మీద ఇంకో మిషన్ కుట్టు. పొద్దున జాకెట్టు దగ్గర గోరు చీల్చిన కుట్టే ఇది. ఎడమ పక్క ఊడగా మిగిలిన ముక్కని వేళ్లతో పట్టుకు లాగింది. దారం ఏ పట్టూ లేకుండా జర్రున వచ్చేసింది. కొలతల కోసం ముందు వేసి, తర్వాత పీకేసే కచ్చా కుట్టు అది. సుధకి కుట్టడం రాకపోవచ్చు. టైలర్ ఇంట్లో పుట్టిన పిల్లకి కచ్చా కుట్టు తెలియకుండా ఉండదు.

"సాగే బట్టకి మిషన్ పనికిరాదన్నావు," అంది నెమ్మదిగా. "మరి కుడి పక్కేటమ్మా?"

పైడితల్లి తోకని తన వైపు లాక్కోబోయింది.

"కావాలనే సేసినావు కదా! నాను ఓడిపోవాలని, నవ్వులపాలవ్వాలని!"

వెంకటరమణమ్మ జాకెట్టు సంగతి మరిచిపోయి, చప్పుడు చెయ్యకుండా వీధిలోకి నడిచింది. ఆమె వెళ్లాక పైడితల్లి గుమ్మంలోనే కూలబడింది.

"మీ అయ్యకి ఈత రాదేటే?" అంది.

సుధకి అర్థం కాలేదు. తండ్రి అప్పలసూరి పోయేనాటికి తను అంగన్‌వాడీకి వెళ్తున్న పిల్ల. చేపల వేటకెళ్లిన బోటు గాలికి తిరగబడిందని తప్ప ఆ ఇంట్లో ఇంకో మాట ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాతే సముద్రం ఒడ్డున ఉన్న యారాడ వదిలి, కొండ దాటి గాజువాక వచ్చేశారు. పైడితల్లి మళ్లీ సముద్రం ముఖం చూడలేదు.

"ఆ కొండ సుట్టూ ఈదుకొచ్చీవోడు మీ అయ్య. బోటు తిరగబడితే మిగతావోళ్లంతా ఒడ్డుకొచ్చీసినారు. ఈడొక్కడే రాలేదు. తెల్లారినాక తెచ్చినారు. వలతాడు రెండు కాళ్లకీ సుట్టుకుపోనాది. రెండు కాళ్లూ కలిపి ఎవులో కట్టీసినట్టు. ఆ తాడు నానే కోసినాను, ఇసకలో కూకుని. ముడి రాదు. నీల్లు ఎక్కి బిగిసిపోనాది."

ఆమె తన చేతుల వంక చూసుకుంది.

"నువ్వేమో రెండు కాళ్లూ ఒక్క సంచీలో ఎట్టి నీల్లలో దిగుతానంటివి. ఇంకొకలికిత్తే గట్టిగా కుట్టీత్తారు. అందుకే నానే కుడతానన్నాను. కాళ్లు గింజుకుంటే ఇడిపోవాల. అంతే. నన్ను సేతకాందన్నా పర్వాలేదనుకున్నాను."

సుధ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం పోలేదు. అది అంత తేలిగ్గా పోయే కోపం కాదు.

"వొద్దని సెప్పొచ్చు కదమ్మా."

"సెప్తే మానేత్తావా?"

"మానను. దెబ్బలాడుతాను. అంతేగాని నా కాళ్లలోనే లోపముందని ఇన్నాళ్లు కుమిలిపోయీదాన్ని కాదు కదా. ప్రతి పొద్దూ కుట్టిచ్చి, ప్రతి పొద్దూ ఊడగొట్టినావు." బ్లేడు పక్కన పడేసింది. తల్లి పక్కన గుమ్మంలోనే కూర్చుంది. "మొదటిరోజు మేడమ్ ఏటి నేర్పినాదో తెలుసా? ఈత కాదు, పల్టీ కాదు. నీల్లడుగున తోక ఇప్పుకోవడం. అది కళ్లు మూసుకుని వచ్చినదాకా ఇంకోటి ముట్టనివ్వలేదు."

పైడితల్లి తలెత్తింది. "నాకెందుకు సెప్పలేదే?"

"నీల్ల మాటెత్తితే నువ్వు లేచెల్లిపోతావు. ఎప్పుడు సెప్పను?"

పైడితల్లి పమిటచెంగుతో కూతురి ముఖం తుడిచి, "రేపు నానొత్తాను," అంది.

మర్నాడు పొద్దున పైడితల్లి పూల్ గేటు దగ్గర ఒక నిమిషం ఆగిపోయింది. సముద్రం వాసన రాలేదు, పూల్ నీళ్లలో కలిపే మందు వాసన వచ్చింది. దానికే కాస్త ధైర్యం చిక్కినట్టుంది. గట్టు మీద చతికిలబడి సంచీలోంచి పెద్ద కత్తెర తీసి ఒళ్లో పెట్టుకుంది. బట్టలు కత్తిరించే ఇనుప కత్తెర. ఆశాజ్యోతి కంగారుగా సుధ వైపు చూసింది. ఉండనివ్వమన్నట్టు సుధ చెయ్యెత్తింది.

సుధ, రాత్రి అమ్మ మళ్లీ కచ్చా కుట్టు వేసిచ్చిన తోకతో మునిగింది. అడుక్కి వెళ్లి, రెండు బొటనవేళ్లూ నడుం దగ్గర దూర్చి కిందికి తోసింది. మోకాళ్లు ముడిచి, రెక్కలోంచి ఒక పాదం, తర్వాత రెండో పాదం లాగేసింది. తోక అడుగునే ఉండిపోయింది. ఈతబట్టలతో, రెండు కాళ్లతో గట్టు పక్కనే పైకి తేలింది.

పైడితల్లి మోకాళ్ల మీద ముందుకి వంగి ఉంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. చేతిలో కత్తెర నోరు తెరుచుకుని ఉంది.

"మల్లీ," అంది.

సుధ మునిగి తోక తెచ్చుకుని, తొడుక్కుని, మళ్లీ విప్పి చూపించింది.

"కళ్లు మూసుకుని సెయ్యి."

కళ్లు మూసుకుని చేసింది. పైడితల్లి ఇంకోసారి అంది, ఆ తర్వాత ఇంకోసారి. సుధకి ఆయాసం వచ్చింది, విసుగు రాలేదు. ఆఖరిసారి తేలేసరికి అమ్మ ఏడుస్తోంది. పక్కన ఇంతమంది ఉన్నారన్న ఎరుక లేకుండా, యారాడ ఒడ్డున ఏడవగా మిగిలిపోయినదంతా ఇప్పుడు ఏడుస్తోంది. సుధ నీళ్లలోంచే ఆమె పాదాలు పట్టుకుని ఉండిపోయింది.

కాసేపటికి పైడితల్లి ముక్కు చీదుకుంది. "అదిటియ్యి," అంది.

తడితోకని ఒళ్లో వేసుకుని, ఎడమ పక్క కచ్చా కుట్టు పీకేసి, సంచీలోంచి లావు దారం తీసి కుట్టడం మొదలుపెట్టింది. ఒక వరస అయ్యాక దాని మీదే రెండో వరస. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. చివర ముడేసి, దారం పంటితో కొరికింది.

"ఇంక దీన్నిప్పాలంటే బ్లేడు కావాల. ఎల్లు. ఆ పల్టీ ఏదో కొట్టు."

సుధ మునిగింది. విల్లులా వంగి, భయం లేకుండా, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. ఆకాశం కిందికెళ్లింది, నేల పైకొచ్చింది, రెండూ తిరిగి వాటి చోటికి వచ్చేశాయి. ఎక్కడా ఏదీ ఊడలేదు. పైకి తేలేసరికి ఆశాజ్యోతి చప్పట్లు కొడుతోంది.

సుధ అమ్మ వైపే చూసింది.

"అంతసేపేటే లోపల!" పైడితల్లి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి కసిరింది. "సచ్చిపోనాను ఇక్కడ."

"సెలక్షన్‌కి రేపూ వత్తావా అమ్మా?"

పైడితల్లి కత్తెర మూసి, గుడ్డలో చుట్టి, సంచీలో జాగ్రత్తగా పెట్టుకుంది.

"వత్తాను," అంది. "కత్తెర్తోనే వత్తాను."