మూడో ఆటలో ఎర్ర రంగు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. నా రాత నెమ్మది. కథను మాత్రం మీరు తొందరగానే చదువుకోవచ్చు.

1996 అక్టోబరు. దేవరకొండలో ఒక బంగ్లా వెనక గది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీఫ్ లింగస్వామి బల్ల మీద ఒక ఎర్రటి గోళీ దొర్లించాడు. ఏజెంట్ ఖమర్ దాన్ని వేళ్లతో నొక్కింది. గోళీ చిట్లి చెయ్యంతా ఎర్రబడింది.

"ఇదేంది సార్, రక్తం లెక్క ఉంది?"

"అందుకే నిన్ను పిలిచిన."

దాన్ని పెయింట్‌బాల్ అంటారని చీఫ్ చెప్పాడు. గ్యాస్ తుపాకీలో ఇలాంటి గోళీలు వేసి, జట్లుగా విడిపోయి, గుట్టల్లో ఆడుతారు. గోళీ తగిలినవాడు అవుట్. పట్నం కంపెనీ ఒకటి దేవరకొండ గుట్టల్లో ఈ ఆట పెట్టింది. రాకెట్ శాస్త్రవేత్త రామచంద్రయ్య తన ఆఫీసు వాళ్లతో రేపు అక్కడికి వస్తున్నాడు. ఆయన్ని చంపడానికి ఒక విదేశీ ముఠా మనిషిని దించింది. ఈ కబురు తెచ్చింది చంద్రకళ. ఆమె మన డిపార్ట్‌మెంట్ పంపగా ఆ ముఠాలో చేరిన మనిషి. ఇప్పుడు ఆట పెట్టిన ఆ పట్నం కంపెనీలోనే అతిథులను చూసుకునే ఉద్యోగంలో ఉంది.

ఆటలు మూడు. మొదటిది, ఒక జట్టు పూర్తిగా అవుటయ్యేదాకా. రెండోది, ఎదుటి జట్టు జెండా ఎత్తుకొచ్చేదాకా. మూడోది వీఐపీ ఆట. ఒక జట్టు తన వీఐపీని కాపాడుతూ గుట్ట దాటించాలి. ఇంకో జట్టు పొదల్లో దాక్కుని ఆయన్ని కొట్టాలి. ఎవరి గోళీ తగిలినా సరే, వీఐపీ అవుటైతే ఆట ఆగిపోతుంది.

"మూడో ఆటలనే చంపుతరు," అన్నాడు చీఫ్. "ఆయన మీద ఎర్రగ కనవడితే అందరు చప్పట్లు కొడ్తరు. నిజం తూటా అని తెలిసేసరికి చంపినోడు బస్సెక్కుతడు."

ఖమర్ ఎర్రబడ్డ చెయ్యి తుడుచుకుంది. ఆట బంద్ పెట్టిద్దామంది. ఇక్కడ బంద్ పెడితే ఇంకెక్కడో చంపుతారు, ఆ జాగా మనకు తెలియదు అన్నాడు చీఫ్. రామచంద్రయ్య కూడా ఒప్పుకున్నాడట. చొక్కా కింద కవచం తొడుగుతారు. తలకు మాత్రం ప్లాస్టిక్ మాస్కే.

మర్నాడు ఖమర్ టైపిస్టు వేషంలో, దళసరి కళ్లద్దాలతో దిగింది. గుట్టల నిండా తంగేడు పూసి ఉంది. నారాయణపేట పట్టుచీర, నల్లకళ్లద్దాలు, సెంటు వాసనతో చంద్రకళ అందరికీ మంచినీళ్లు ఇస్తోంది.

"సీతాఫలాలు కండ్లు తెరిచినయా?" ఖమర్ కోడ్ మాట అడిగింది.

"ఎడమ దిక్కు తెరిచినయక్కా. బండ మీద," అని, గొంతు తగ్గించి, "డెరిక్," అంది చంద్రకళ.

డెరిక్ ఆట నేర్పే విదేశీ కోచ్. ఎదుటి జట్టు తరఫున తనూ ఆడుతున్నాడు.

రెండు ఆటలు గడిచాయి. 'టప్'మన్న ప్రతిసారీ ఖమర్ ఆ దిక్కు తిరిగి చూసింది. మూడో ఆట ముందు ఎదుటి జట్టులో ఒకాయనకు కాలు బెణికింది. ఆయన బదులు ఎవరో దిగారు. మాస్కు పెట్టుకుంటే అందరూ ఒకటే.

విజిల్ మోగింది. ఖమర్ రామచంద్రయ్యకు ఎడమ పక్కన అడ్డంగా నడిచింది. ఊపిరికి మాస్కు అద్దం మసకబారుతోంది.

"బిడ్డా, నాకు భయమైతాంది," అన్నాడాయన.

"నాక్కూడ సార్. నన్ను ఇడ్సిపెట్టకుండ్రి."

ఎడమ బండ మీద నుంచి డెరిక్ కాల్చాడు. ఖమర్ కళ్లు మూసుకుంది. గోళీ పక్కరాయికి తగిలి చిట్లింది. రంగు. వట్టి రంగే.

ఆమె చుట్టూ చూసింది. ప్రతి పొద నుంచీ గోళీలు వస్తున్నాయి. కుడి పక్క సీతాఫలం పొద నుంచి మాత్రం ఒక్కటీ రాలేదు. అందులో తుపాకీ గొట్టం ఉంది. రామచంద్రయ్య వైపే కదులుతోంది. రంగు కాల్చలేని తుపాకీ అది. ఒక్క తూటా కోసం ఆగి ఉంది.

ఎడమ చూడమన్నది చంద్రకళ. అందుకే కుడి పక్క ఖాళీ అయింది. ఆమె కబురు తెచ్చింది నమ్మించడానికే, పనిచేసేది ముఠాకే.

ఆయన్ని కింద పడేస్తే? పడిన మనిషినైనా కాల్చొచ్చు. ఆట నడిచినంతసేపూ ఆ హత్యకు ఆటే ముసుగు. ఆట ఆగాలి.

ఖమర్ తన తుపాకీ తిప్పి రామచంద్రయ్య తొడ మీద కాల్చింది. ఆయన "అమ్మా" అంటూ కూలబడ్డాడు. విజిల్ గట్టిగా మోగింది. సొంత మనిషే వీఐపీని కొట్టిందని అందరూ పగలబడి నవ్వారు. రూలు ప్రకారం నిలబడి, తుపాకీ గొట్టాలకు బిరడాలు పెట్టుకున్నారు. తుపాకుల చప్పుడు ఆగింది. ఇప్పుడు కాలిస్తే అందరి కళ్లూ అటే.

సీతాఫలం పొదలోంచి ఒక మనిషి మెల్లగా లేచింది. మాస్కు తీసింది. ఆకుపచ్చ ప్యాంటు చొక్కాల్లో చంద్రకళ.

"ఇదేం కాపలా అక్కా? నీ సారునే కాల్చుకుంటివి."

"ముందుగాల బిరడా పెట్టు చెల్లె," అంటూ ఖమర్ ఆమె దగ్గరికి నడిచింది.

చంద్రకళ నవ్వుతూనే జేబులోంచి బిరడా తీసింది. అది బొటనవేలంత లావు. ఆమె తుపాకీకి పైన అందరి తుపాకులకు ఉన్నట్టే గోళీల డబ్బా ఉంది. గొట్టం రంధ్రం మాత్రం కంది గింజ పట్టేంత. బిరడా దూరలేదు. నవ్వు ఆగింది. తుపాకీ లేచింది. ఖమర్ ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టి పైకి తోసింది. తూటా ఆకాశంలోకి పోయింది. సీతాఫలం ఆకులు రాలాయి. నీళ్ల క్యాన్లు మోస్తున్న మఫ్టీ పోలీసులు చంద్రకళను అణిచిపట్టారు. అప్పుడు గాని మిగతావాళ్ల నవ్వు ఆగలేదు.

రామచంద్రయ్య తొడ రుద్దుకుంటూ, "జర మెల్లగ కొట్టరాదా బిడ్డా," అన్నాడు. ఖమర్ ఆయన మాస్కు తీసి, చెయ్యి పట్టి లేపింది.

డిపార్ట్‌మెంట్ రికార్డులో మిషన్ సక్సెస్ అని ఉంది. కంపెనీ వాళ్ల నల్లబోర్డు మీద మాత్రం చాలా రోజులు ఇలా ఉంది: మూడో ఆట. సొంత వీఐపీని కొట్టి ఓడిన జట్టు, ఖమర్ జట్టు.

జటంగి నాగులమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది రామన్నపేటలో, చెల్లెలి ఇంటి పక్కన.