సాంచ రెండుసార్లు ఆగింది

ప్రవల్లిక జడలోంచి జారిన ఒకే ఒక్క వెంట్రుక సుమన్ పరువు తీసింది.

తెలుగు నేతవాళ్ళు వలస వచ్చిన ఉధ్నాలో, సుమన్ వాళ్ళ నాన్న పరమేశ్వర్ మరమగ్గం నడిపే షెడ్డు అది. నేతవాళ్ళు ఆ మగ్గాన్ని సాంచ అంటారు. పోగు తెగితే కనిపెట్టి సాంచను దానంతటదే ఆపేసే కెమెరా ఒకటి సుమన్ తయారుచేశాడు. దాన్ని ఊళ్ళో షెడ్లకు పెట్టనివ్వాలో వద్దో తేల్చడానికి వచ్చిన కమిటీలో ఆమె ఉంది. బట్టను దగ్గరగా చూద్దామని వంగింది. వెంట్రుక ఊగింది. తెగిన పోగనుకుని కెమెరా సాంచను ఠక్కున ఆపేసింది.

చూడ్డానికి వచ్చిన షెడ్ల యజమానులు, సేఠ్‌లు ఘొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అంటే మీ కెమెరా బట్టనే కాదు, మనుషుల్ని కూడా చూస్తోందన్నమాట. నేసేవాళ్ళని రోజంతా చూసి, ఆ సంగతులు ఎవరికి చెబుతుందండీ?"

"జర జడ సదురుకోండి మేడమ్. అంతా మంచిగనే నడుస్తది."

అన్నాక సుమన్ నాలుక కరుచుకున్నాడు. ఈ అమ్మాయి కాదంటే ఇన్నాళ్ళ కష్టం తాపీ నదిలో కలిసినట్టే.

ప్రవల్లిక రైల్వేలో పనిచేసే వీరరాఘవయ్య గారి కూతురు. ఉధ్నా రైల్వే క్వార్టర్సులో పెరిగి, లా చదివి, ఢిల్లీ వెళ్ళింది. కొత్త టెక్నాలజీ ఏదైనా జనంలోకి వచ్చేముందు దానికి ఎలాంటి కట్టుబాట్లు ఉండాలో ప్రభుత్వాలకూ కంపెనీలకూ చెప్పడం ఆమె ఉద్యోగం. కెమెరా సంగతి పరిశీలించే పని కమిటీ ఆమెకే అప్పగించింది. అలా ఆ వానాకాలమంతా ఆమె షెడ్డుకు వస్తూనే ఉంది.

సాంచల మోతలో మాట వినపడదు. అక్కడివాళ్ళు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు అమ్మ ఐలమ్మ పెట్టిన చీవాట్లన్నీ సుమన్ కళ్ళతోనే తిన్నాడు. ఆ విద్య తనకు వచ్చని ప్రవల్లికకు మాత్రం చెప్పలేదు. వినపడట్లేదని చెవి చూపిస్తే చాలు, ఆమె దగ్గరకొచ్చి చెవి పక్కన అరిచేది. అంత తియ్యటి అరుపు అతను పుట్టాక వినలేదు.

ఓ సాయంత్రం వానకు స్టేషన్ దగ్గర లోచో టిఫిన్ అమ్మే బండి పరదా కింద ఇద్దరూ ఇరుక్కున్నారు.

"మీరు రూల్ రాసేలోపల బయటోళ్ళు నాలుగు మెషిన్లు అమ్ముకొని పోతరు మేడమ్" అన్నాడు.

"కొత్తదాన్ని ఆపడం నా పని కాదండీ. అది ఎవరి నెత్తిన పడుతుందో ముందే అడగడం నా పని. ముందు ఒకటి రెండు షెడ్లలో పెట్టి చూడాలి, తర్వాత రాయాలి రూలు. పనికిరాని రూలుని తీసేయడానికి కూడా ఒక రూలుండాలి, నన్నడిగితే."

ఢిల్లీలో ఒక హాజరు యాప్‌ని తొందరపడి పెట్టారట. అది ముఖాలు గుర్తుపట్టక ఊడ్చే ఆడవాళ్ళు కూలి పోగొట్టుకున్నారట. ఆమె చెబుతూనే ఉంది. సుమన్ దగ్గర జవాబు ఉండేదే, కానీ ఆమె కనుబొమ్మ మీద ఆగిన చినుకును చూస్తూ మరిచిపోయాడు. ఆ వాన తగ్గకుండా ఉంటే బాగుండుననిపించింది.

మర్నాటి నుంచి ఆమెకు చెప్పకుండానే కెమెరాను మార్చడం మొదలుపెట్టాడు.

అది పూర్తయ్యే వేళకు పిడుగులాంటి కబురొచ్చింది. ప్రవల్లిక కమిటీలోంచి తప్పుకుంది. ముఖం మీద కాదనలేక పారిపోయిందనుకున్నాడు సుమన్. పని పోతే పోయింది, మనిషి కూడా పోయిందే అని కుమిలిపోయాడు. ఆమె ఫోన్ చేసినా ఎత్తలేదు.

చివరికి ఆమే వచ్చింది, తడిసిన జుట్టుతో. సుమన్ ఆమెను చూసీ చూడనట్టు అటు తిరిగి కూర్చుని కెమెరా మర బిగిస్తున్నాడు.

"కమిటీల లేనోళ్ళకు ఇక్కడేం పని మేడమ్?" అని వెనక్కి చూడకుండానే అరిచాడు.

కాసేపటికి సాంచ ఆగిపోయింది. సుమన్ చటుక్కున వెనక్కి తిరిగాడు. "మళ్ళ వెంట్రుకనే పట్టిందా?"

"కెమెరా ఆపలే. నేనే ఆపిన" అన్నాడు పరమేశ్వర్, చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి. చుట్టుపక్కల సాంచలు కూడా ఒక్కొక్కటే ఆగాయి. "బిడ్డ ఏదో చెప్పింది. నువ్వు మొకం అటు వెట్టినవ్. మేమందరం చూసినం."

ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రవల్లిక ముఖం ఎర్రబడింది. మోతలో ఎవరికీ వినపడదని ధైర్యంగా అనేసిందట పాపం.

"పెదవులు చదువుతారా మీరంతా? మరి ఇన్నాళ్ళూ నాచేత చెవిలో అరిపించారేంటండీ?"

"చెప్తే మీరు దూరం నుంచే మాట్లాడుతుంటిరి" అన్నాడు సుమన్ తల దించుకుని.

"మళ్ల చెప్పు బిడ్డా" అన్నాడు పరమేశ్వర్. "ఇప్పుడు వీనికి ఇనవడ్తది."

ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది. "మనసుపడ్డ మనిషి పని మీద తీర్పు చెప్పకూడదు. కమిటీలకు ఆ రూలు పెట్టమన్నది నేనే సుమన్. వాళ్ళకి అదే చెప్పి తప్పుకున్నాను. మీ కెమెరా సంగతి ఇంకొకరు తేలుస్తారు."

రూలు అంటేనే గయ్యిమనే సుమన్‌కు ఆ రూలు మీద మాత్రం నోరు లేవలేదు. ఆమె తడి జుట్టు బట్ట మీదికి వేలాడుతోంది. ఇందాక సాంచ నడుస్తున్నంతసేపూ అలాగే వేలాడింది. కెమెరా ఆపలేదు.

"మీరు చెప్పినట్టే మార్చిన" అన్నాడు. "ఇప్పుడది బట్టను తప్ప మనుషుల్ని చూడదు. మిమ్మల్ని చూసే పని నేనే పెట్టుకున్న."

పరమేశ్వర్ హ్యాండిల్ లాగాడు. సాంచలన్నీ మళ్ళీ మోత అందుకున్నాయి. అతను మెల్లగా గోడవైపు తిరిగాడు. ఐలమ్మా తిరిగింది. షెడ్డులో ఒక్కొక్కరే వాళ్ళిద్దరికీ వీపు చూపించి నిలబడ్డారు.

ప్రవల్లిక దగ్గరకొచ్చింది. ఇక అవసరం లేకపోయినా, అతని చెవి పక్కనే చెప్పింది.