పసుపు పూసిన పవర్ బటన్

2007, దసరా పండుగ. మధ్యాహ్నం రెండు గంటలు.

నిజామాబాద్ పసుపు యార్డులో ఆ రోజు వేలం లేదు. ఖాళీ షెడ్డులో ఒక్క బస్తా మీద చీఫ్ లక్ష్మీరాజం ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లుగా ఆయనది పసుపు వ్యాపారి వేషం. అది ఎంత ఒంటబట్టిందంటే, గోళ్లు కూడా పచ్చబడిపోయాయి.

రహస్య విభాగం ఏజెంట్ దేవిదాస్ వచ్చి ఆయన ముందు ఆగాడు.

"కొమ్ములు ఎండినయా?" అన్నాడు చీఫ్.

"ఇంకా పచ్చిగనే ఉన్నయి."

కోడ్ సరిపోయింది. చీఫ్ జేబులోంచి వేలెడంత పెన్ డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టాడు.

"పిస్టల్ లేదా సార్?"

"లేదు."

"బ్యాకప్ టీమ్?"

"ఆరుంపావుకు పోలీసులు వస్తరు. అందాక నీకు నువ్వే బ్యాకప్."

దేవిదాస్ పెన్ డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో అతనికి సరైన ఆయుధం అందిన మిషన్ ఒక్కటీ లేదు. ఇక అందుతుందన్న ఆశ కూడా పోయింది.

"బోధన్‌ల వైట్ క్రిస్టల్ ఎక్స్‌పోర్ట్స్ అని ఒక ఆఫీసుంది. బోర్డు మీద చక్కెర ఎగుమతి. లోపల ఫారిన్ ముఠా. మన రాడార్ స్టేషన్ల మ్యాపులు అమ్ముతున్నరు. బాస్ పేరు గ్రే. మ్యాపులన్నీ ఒకటే కంప్యూటర్ల ఉన్నయి. ఆ హార్డ్ డిస్క్ మనకు సాక్ష్యం, దాని మీద చెయ్యి పడితే కోర్టుల కేసు నిలవది."

"మరి నేను పోయి చేసేదేంది?"

చీఫ్ గొంతు తగ్గించాడు. "అక్కడ వంట చేసే హన్మవ్వ మన మనిషి. చెత్తబుట్టల కాగితాలు బీడీ కట్టల్ల పెట్టి మనకు పంపుతది. నిన్న ఆమె పేరు బయటపడ్డది. సీలు వేసిన రిపోర్టుల ఉంది. గ్రే గూడ దాన్ని తెరవలేడు. ఆరింటికి కంప్యూటర్ దానంతటదే మెయిల్ పంపుతది. ఆ పేరు పైవాళ్లకు అందితే హన్మవ్వ బతకది. నాందేడ్ల మన మనిషి ఇట్లనే ఊరిడిసి పారిపోయిండు. రెండు రోజుల్ల వాళ్లకు దొరికిండు."

"ఆమె పేరు రాసిందెవరు?"

"విమల."

దేవిదాస్ తలెత్తాడు. విమల డబుల్ ఏజెంట్. గ్రేకి సెక్రటరీ, డిపార్ట్‌మెంటుకు కళ్లు, చెవులు. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, హ్యాండ్‌బ్యాగులో పిస్టల్. డిపార్ట్‌మెంటు మొత్తంలో పిస్టల్ ఉన్నది ఆమెకొక్కదానికే.

"ముఠాకు ఆమె మీద అనుమానం వచ్చింది. పానం కాపాడుకోనీకి హన్మవ్వ పేరు రాసింది. పొద్దున ఏడ్సుకుంట నాకు ఫోన్ చేసింది," అన్నాడు చీఫ్.

"పోలీసులను ముందే పంపరాదా?"

"పండుగ బందోబస్తు. రావణుడు కాలిందాక ఒక్క కానిస్టేబుల్ దొరకడు."

"కంప్యూటర్ ప్లగ్ పీకితే?"

"పైకప్పు మీద బెల్లు మోగుతది. అక్కడ తుపాకులోళ్లున్నరు. బటన్ తోటి ఆర్పితే ఎవడో ఒకడు జూసి మళ్ల లేపుతడు. గందుకే ఈ పెన్ డ్రైవ్. దీంట్ల యాభై ఎంబీల బుడ్డ లైనక్స్ ఉంది, విండోస్ అసొంటిదే. కంప్యూటర్ను దీనితోటి లేపు. విండోస్ లేవది, లేవకుంటే మెయిల్ పోదు. హార్డ్ డిస్కును ముట్టది. మొత్తం ర్యామ్‌లకు ఎక్కినంక పెన్ డ్రైవ్ పీకేసినా నడుస్తనే ఉంటది. గ్రే ఆరున్నర దాక జమ్మి కాడనే ఉంటడు."

"ముందే వస్తే?"

చీఫ్ తన పచ్చటి గోళ్ల వైపు చూసుకున్నాడు.

* * *

సాయంత్రం ఐదూ ఇరవై. బోధన్.

దేవిదాస్ వేషం యూపీఎస్ రిపేరు మనిషిది. భుజాన సంచి, చేతిలో జమ్మి ఆకు. దసరా నాడు జమ్మితో వచ్చినవాణ్ణి ఏ గేటూ ఆపదు. కాపలావాడు ఆకు అందుకుని, అతన్ని గుండెలకు హత్తుకుని, లోపలికి పంపించాడు. ఇంత సులువుగా మొదలైన మిషన్ బాగుపడదని దేవిదాస్‌కు అప్పుడే అనిపించింది.

వంటగదిలో హన్మవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. యాభై దాటిన మనిషి. తన పేరు బయటపడిన సంగతి ఆమెకు తెలియదు.

"అవ్వా, కొమ్ములు ఎండినయా? కంప్యూటర్ ఏడుంది?"

ఆమె గ్రే గదిలోకి తీసుకెళ్లింది. సీపీయూకు బంతిపూల దండ, ముందు కొబ్బరి చిప్పలు. పైనుంచి కింది దాకా పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. రెండు యూఎస్‌బీ రంధ్రాలూ పసుపుతో నిండి, ఎండి, గట్టిపడ్డాయి.

"ఇదేందవ్వా?"

"ఆయుధ పూజ బిడ్డా. మా దొరనే టెంకాయ గొట్టిండు. అన్నం పెట్టే మిషిని గద, సందు ఇడువకుంట పూసిన."

తన ప్రాణం నిలబెట్టే ద్వారాన్ని ఆమె తన చేత్తోనే, అదీ భక్తితో, మూసేసింది. ఆమె మీద దేవిదాస్‌కు కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది.

"గా రంధ్రం సాఫ్ గావాల్నా? ఆగు."

హన్మవ్వ వెళ్లి, బీడీ మూతి ముడిచే సన్నటి ఇనుప పుల్ల తెచ్చి, కూర్చుని గీకసాగింది. ముప్పై ఏళ్లుగా బీడీలు చుట్టిన చెయ్యి. అయినా మొదటి రంధ్రం పాడైపోయింది. రెండోది తెరుచుకునేసరికి ఐదూ నలభై ఎనిమిది.

పెన్ డ్రైవ్ దూరింది. దేవిదాస్ రీసెట్ నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మెల్లగా కదిలాయి. ఐదూ యాభై రెండు. ఐదూ యాభై నాలుగు. ఒక వరస దగ్గర ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాడు. మళ్లీ కదిలింది. ఐదూ యాభై ఏడుకు తెర మీద లైనక్స్ గుర్తు, చిన్న పెంగ్విన్ బొమ్మ వచ్చి కూర్చుంది.

అప్పుడే బయట జీపు ఆగిన చప్పుడు.

దేవిదాస్ పెన్ డ్రైవ్ పీకాడు. హన్మవ్వ దాన్ని లాక్కుని బీడీ కట్టలో దోపేసి, ఏమీ ఎరగనట్టు చాట ముందు వేసుకుంది. అతను యూపీఎస్ ముందు కూర్చుని స్క్రూడ్రైవర్ తీశాడు.

గ్రే లోపలికి వచ్చాడు. వెనకాలే విమల. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"రావణుని పొగ నాకు పడదు," అన్నాడు గ్రే. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. తెర చూసి ఆగిపోయాడు. "ఇది మన విండోస్ కాదు. ఎవరు మార్చిరి?"

వంగి ముందూ వెనకా వెతికాడు. ఏ రంధ్రంలోనూ ఏదీ గుచ్చి లేదు. పెంగ్విన్ మాత్రం హాయిగా కూర్చుని ఉంది.

"సరే. ఆర్పి వెలిగించెదను."

పవర్ బటన్ నొక్కాడు. బటన్ లోపలికి పోయింది. బయటికి రాలేదు.

తెర ఆరిపోయింది. తీగ పీకితే బెల్లు మోగుతుందని గ్రేకూ తెలుసు. బటన్ మీద గట్టిగా కొట్టాడు. కంప్యూటర్ లేచింది, బటన్ నొక్కుకునే ఉండటంతో నాలుగు సెకన్లకు మళ్లీ పడుకుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

"హన్మవ్వా! ఈ మీటకు ఏమి పూసితివి?"

"పసుపు, కుంకుమ, జర్రంత బెల్లం పాకం దొరా. మీరు ఎదురుంగనే ఉంటిరి గద!"

ఉన్నాడు. ఊళ్లో మనిషిలా కనపడటానికి టెంకాయ కూడా తనే కొట్టాడు. ఆ వేషమే ఇప్పుడు బటన్‌లో ఇరుక్కుంది.

ఆరు దాటింది. ఆరూ ఏడు. గ్రే కత్తి మొనతో తవ్వుతున్నాడు. ఆరూ పదకొండుకు బటన్ టక్కున బయటికొచ్చింది. విండోస్ లేచింది. పాస్‌వర్డ్ కొట్టాడు. ఆగిపోయిన మెయిల్ కదిలి, తెర మీద పచ్చగీత ఎడమ నుంచి కుడికి పాకసాగింది.

గ్రే పిస్టల్ బల్ల మీద ఉంది. దేవిదాస్‌కు అది నాలుగు అడుగుల దూరం. అందదని అతనికి తెలుసు. గీత సగం దాటింది. హన్మవ్వ బీడీకి దారం చుడుతోంది.

ఫట్‌మని తెర నల్లబడింది.

విమల చేతిలో ప్లగ్ ఉంది. పైకప్పు మీద బెల్లు గణగణ మోగింది. గ్రే పిస్టల్ ఎత్తి ఆమె నుదుటికి పెట్టాడు.

"నీవా?"

విమల కళ్లు మూసుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరైంది. తలుపు తెరుచుకుంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్, వెనక ఎనిమిది మంది కానిస్టేబుళ్లు. ఎడమ చేతుల్లో జమ్మి ఆకులు, కుడి చేతుల్లో తుపాకులు. బెల్లు విని దిగిన ముఠా తుపాకులవాళ్లు వాళ్ల నడుమ చేతులెత్తి ఉన్నారు. కాపలావాడు పోలీసులనూ గుండెలకు హత్తుకునే లోపలికి పంపించాడు. ఆరూ పద్నాలుగు.

గ్రే పిస్టల్ కింద పడింది.

* * *

ముఠాను జీపు ఎక్కించారు. గది ఖాళీ అయింది. విమల వేషం బయటపడింది. ఇక ఆమె ఎవరి దగ్గరా ఎవరి మనిషీ కాదు. నేల మీద పడిన జమ్మి ఆకు ఒకటి ఏరుకుని, హన్మవ్వ చేతిలో పెట్టి, ఆమె కాళ్ల మీద పడింది. ఎంతసేపటికీ లేవలేదు.

"సల్లంగ బతుకు బిడ్డా," అంది హన్మవ్వ తల నిమురుతూ. "గట్ల ఏడుస్తవేంది? నువ్వేం తప్పు జేసినవ్?"

దేవిదాస్ గోడ వైపు తిరిగాడు.

"బిడ్డా, రేపటి సంది నాకు పనెట్ల మరి?" అని అతన్నే అడిగింది హన్మవ్వ. ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపుకు సీలు వేయిస్తున్నాడు.

మర్నాడు పసుపు యార్డులో చీఫ్ చెయ్యి చాపాడు. "పెన్ డ్రైవ్?"

దేవిదాస్ బీడీ కట్ట విప్పి ఇచ్చాడు. చీఫ్ దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. హన్మవ్వ దానికి కూడా సందు విడవకుండా పసుపు పూసి, నడుమ బొట్టు పెట్టింది.

పంతొమ్మిదేళ్లలో డిపార్ట్‌మెంటు దేవిదాస్‌కు ఇచ్చిన ఒకే ఒక ఆయుధం అది. పూజ అందుకున్నాక, అది మళ్లీ ఏ కంప్యూటర్‌లోకీ దూరలేదు.