ముందే తెల్లవారిన చెరువు

అమలాపురం కోర్టు వెనక డిటెక్టివ్ కనకరాజు ఆఫీసుకి, దొంగ ఫలానావాడని వేలు చూపిస్తూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ రోజు వచ్చిన అప్పలస్వామి మాత్రం కుర్చీలో కూర్చోకుండానే, “ఆ పాపం నేనే చేసేనేమో, కాస్త తేల్చి చెప్పండి బాబూ” అన్నాడు. అసిస్టెంటు సత్యం రాస్తున్న కలం ఆపేశాడు.

రాజోలు దగ్గర వీర్రాజుగారి రొయ్యల చెరువుకి అతను కాపలాదారు. సాయంత్రం కంప్యూటర్లో ఒక మీట నొక్కితే, నీళ్లకి గాలినిచ్చే ఫ్యాన్లు తెల్లవార్లూ తిరుగుతాయి. దసరా రాత్రి అవి మధ్యలోనే ఆగిపోయి, తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి.

“కునుకు పట్టేసిందండి. నిద్రమత్తులో నేనే కట్టేసేనేమో. రేపు పోలీసులకి అప్పగిస్తానంటున్నారు అయ్యగారు.”

“లేచేక గోడ మీద స్విచ్చి చూశారా?”

“చూసేనండి. వేసే ఉంది.”

చెరువు దగ్గర వీర్రాజు మండిపడుతున్నాడు. “వాడి నిద్రకి చప్పుడు అడ్డమైందండీ, ఆపేశాడు. ఇంకేం తేల్చాలి?”

ఆయన కూతురు రేవతి, కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల, తలవంచుకు నిలబడింది. గట్టు మీది గదిలో కొత్త కంప్యూటర్‌కి కుంకుమబొట్టు, వాడిన బంతిపూల దండ. మూలనున్న పాతదాని మీద మేతదుమ్ము పేరుకుంది. మీటల మీద మాత్రం లేదు.

“కొత్తది ఎప్పుడు పెట్టేరమ్మా?” అన్నాడు కనకరాజు.

“దసరానాడు ఆయుధపూజ కాగానే బిగించేమండి. ప్రోగ్రాం పాతదే.”

“ముందు ఒకసారి నడిపి చూశారా?”

“పూజ కాకుండా కొత్త వస్తువు ముట్టుకోనిస్తామా అండీ?” అన్నాడు వీర్రాజు.

కనకరాజు అందరినీ గదిలోకి పిలిచి టీ తెప్పించాడు. రెండు కంప్యూటర్లలోనూ అదే ప్రోగ్రాం, పావుగంటకి ఆగేలా రేవతి చేతే పెట్టించాడు. టీ తాగడం కాకముందే కొత్తది ఆగింది. పాతది నడుస్తూనే ఉంది.

“ఆపింది మనిషి కాదు వీర్రాజుగారూ. ఈ ప్రోగ్రాం పాత ప్రాసెసర్ కోసం రాసింది. గడియారం చూడదు, అంకెలు లెక్కపెట్టుకుని ఇంత పొద్దు గడిచిందనుకుంటుంది. కొత్త ప్రాసెసర్ గబగబా లెక్కపెట్టేసి, తెల్లారిపోయిందనుకుంది.”

సత్యం గురువుగారి వంక కళ్లప్పగించి చూశాడు. “ఇది ఇక్కడెవరికీ తెలీదంటారా?”

“ఒకరికి తెలుసు. పాత మీటల దుమ్ము తుడిచి, ఇదే పరీక్ష ముందే చేసినవారికి.”

రేవతి ఏడ్చేసింది. “నిన్న చూసేనండి. కొత్తది కొనిపించింది నేనే. నాన్నగారితో చెప్పడానికి భయపడ్డాను. తప్పు నాదే, స్వామి బాబాయ్.”

అప్పలస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఊరుకోండమ్మా. నేనే చేసేనని నిన్న మా ఆవిడ దగ్గర ఒప్పేసుకున్నాను. ఇప్పుడు కాదంటే నమ్ముతుందో లేదో. మీరొచ్చి చెప్పండమ్మా.”

రేవతి చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెనకే గట్టు దిగింది.