పదకొండు చీటీలు

"నా చీటీ చూసే రాస్తున్నావు! పదకొండు వారాలయ్యా, ఒక్కసారన్నా తేడా రావద్దా?" శిరీష కోటేశును నిలదీసింది.

నరసరావుపేటలో పిచ్చయ్య మాస్టారి బాక్సింగ్ షెడ్డులో ఆదివారం ఆట అది. వేర్వేరు కాలాల ఛాంపియన్లు ఇద్దర్ని బోర్డు మీద జతకడతారు. గెలిచేదెవరో అందరూ చీటీ రాసి పాత గ్లవ్‌లో వేస్తారు. అలీ, టైసన్ ఆ బోర్డు మీద ఎన్నిసార్లు తలపడ్డారో లెక్కలేదు. మాస్టారి కూతురు శిరీష ఎవరి పేరు రాస్తే, మాచర్ల నుంచి ప్రాక్టీసుకి వచ్చే కోటేశు కూడా ఆ పేరే రాస్తాడు.

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేది. కానీ మొన్న కోటేశు వాళ్లమ్మ వచ్చి సంబంధం మాట్లాడి వెళ్లింది. ఈ సాయంత్రంలోగా శిరీష ఏదో ఒకటి చెప్పాలి. సొంత మాట లేని మనిషా? కాకా పడుతున్నాడా? ఒకటే అనుమానం. నచ్చాడు గనకే అంత మంట.

"చూళ్లేదు, ఒట్టు!"

"మరెవరు చెబుతున్నారు? మా నాన్నా?"

"నీ భుజం." కోటేశు తల దించుకున్నాడు. "రాసేటప్పుడు కదులుద్ది. ఏ పేరో తెలిసిపోద్ది. ఎదుటోడి భుజం చూడమని నేర్పింది మాస్టారే గదా. నీకు నచ్చుద్దని అట్టా రాశా. తప్పే."

శిరీష వచ్చిన నవ్వును మింగేసి బోర్డు దగ్గరికి వెళ్లింది. 'పిచ్చయ్య, 1991 ఛాంపియన్. కోటేశు, ఇప్పటి ఛాంపియన్' అని రాసింది. షెడ్డంతా ఈలలు. చున్నీ భుజాల నిండా కప్పుకుని తన చీటీ రాసింది. వీడు నాన్న పేరు రాశాడో, సంబంధం వద్దనేయడమే అనుకుంది. అనుకున్నాక భయమేసింది.

మాస్టారు కోటేశు చీటీ విప్పి చదివారు. "రెండు రౌండ్లు మాస్టారివి. మూడోదాంట్లో ఆయన ఎడమ చెయ్యి కిందికి జారుద్ది. నాకౌట్ నాదే."

షెడ్డంతా మాస్టారి వైపు తిరిగింది. కాబోయే మామనే పడగొట్టేశాడు మరి.

"ఒరేయ్, ముప్పై ఏళ్లుగా దాచుకున్నా గదరా ఆ సంగతి!" మాస్టారు పకపకా నవ్వారు. "ఏమ్మా, నీ చీటీ ఏది?"

విప్పితే కోటేశు పేరే. పన్నెండో వారమూ తేడా రాలేదు.

శిరీష చున్నీ తీసేసి, సంబంధానికి జవాబు రాద్దామని ఇంకో కాగితం అందుకుంది. కోటేశు గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు.

"ఏంది, చూడవా?"

"చూడను. ఈ ఒక్కటీ నీ నోటితోనే వింటా."

"సరే, చేసుకుంటా," అంది శిరీష, షెడ్డంతా వినబడేలా.